మొన్నటి క్యాసెట్

పోయిన నెల, మహబూబ్‌నగర్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీలో, ముగ్గురు పిల్లలు స్టాఫ్ రూమ్‌కి వచ్చి ఫోన్‌లో ఒక పాట వినిపించారు. ఎప్పటిదో పాత పాప్ పాట. దానికి వీడియో తీస్తారట. అది కూడా పాతకాలం వీడియోలాగే కనిపించాలట. "బొమ్మ మీద గీతలు పడాలె మేడమ్, రంగులు జర కారినట్టుండాలె. గీతలేసే యాప్ దొరికింది," అని మురిసిపోతూ చెప్పారు. బాగుందన్నాను. ఆ గీతలు పడకుండా ఉండాలని దూదీ స్పిరిటూ పట్టుకుని క్యాసెట్ మిషన్లు తుడుస్తూ బతుకంతా కుస్తీ పట్టిన మనిషి ఒకాయన నాకు తెలుసు. నల్గొండలో ఆయన్ని అందరూ వీడియో చాచా అనేవాళ్లు. ఇప్పుడు లేడు. పోయి చాలా ఏళ్లయిందన్న సంగతి కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది.

ఆయన గురించి రాయాలంటే ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఆయన దగ్గర ఒక క్యాసెట్ ఉండేది. మళ్లీ తీయడానికి వీల్లేనిది. దాన్ని చెరిపేసింది నేను. కావాలని కాదు. కావాలని కాదు అనే మాట ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు, ఒక్కసారీ పనిచేయలేదు.

తొంభైలలో నేను నల్గొండలో డిగ్రీ రెండో సంవత్సరం. మా క్లాసు సుధాకర్‌కి వాళ్లన్న దగ్గర ఒక ఆడియో క్యాసెట్ దొరికింది. అంతకు పన్నెండేళ్ల ముందు హైదరాబాద్ హాస్టల్లో నలుగురు కుర్రాళ్లు సొంతంగా పాడి, రికార్డు చేసి, చేతుల మీదుగా పంచుకున్నది. పాడినవాళ్ల పేర్లు కూడా అట్ట మీద లేవు. గిటారు ఒకచోట తాళం తప్పుతుంది, వెనక ఎవరో దగ్గుతారు. అందులో "దిగకు దిగకు, నా స్టాపు వచ్చిందాక" అని ఒక పాట. అది వింటే మాకు పిచ్చెక్కేది. అప్పుడే టీవీలో పాప్ పాటలకు బొమ్మలు కట్టి చూపించడం మొదలైంది. మనమూ దీనికి వీడియో తీసి వార్షికోత్సవంలో వేద్దామన్నాడు సుధాకర్. హీరో తను, రాసేది నేను. కెమెరా ఎవరిదంటే, గడియారం సెంటర్ వెనక గల్లీలో పెండ్లిళ్లకు వీడియో తీసే చాచా తప్ప మా మాట వినేవాళ్లు ఇంకెవరున్నారు?

సన్నటి మనిషి. కళ్లద్దాలు తాడుకి కట్టి మెడలో వేసుకునేవాడు. కెమెరా చేతిలో ఉన్నా లేకున్నా ఎడమ కన్ను సగం మూసే ఉంచేవాడు. మనతో మాట్లాడేటప్పుడు కూడా అంతే, నన్ను చూస్తున్నాడా, నా వెనక గోడని చూస్తున్నాడా అర్థమయ్యేది కాదు. ఎవర్ని తీయబోయినా ముందు "తిన్నరా?" అని అడిగేవాడు. మర్యాదకి కాదు. "ఆకలి మొకం వీడియోల దొర్కిపోతది. పౌడర్ తోని దాగదు," అనేవాడు. రంగులు సరిగ్గా రావాలంటే ముందు కెమెరాకు తెలుపు చూపించాలని తెల్ల చేతిరుమాలు అడిగేవాడు. మా క్లాసులో వెతికితే నిజంగా తెల్లగా ఉన్న రుమాలు ఒక్కరి దగ్గరా లేదు. "గిది తెలుపా బేటా? గిది చాయ్," అని సుధాకర్ రుమాలు తిరిగిచ్చేశాడు.

ఇక ఆయన 'మొన్న' సంగతి. మన వైపు మొన్న అంటే అటూ ఇటూ సాగుతుంది, నిజమే. ఇంట్లో ఉర్దూ మాట్లాడే చాచా దగ్గర అది రబ్బరు. గడిచిన ఏ రోజుకైనా సరిపోయే వాళ్ల 'పర్సోం'ని తెలుగులోకి తెచ్చి ఎక్కడ పడితే అక్కడ వాడేవాడు. "మొన్న దుబాయిల ఉన్నప్పుడు" అంటే పన్నెండేళ్ల కిందట. "మొన్న నా లగ్గంల" అంటే మేం పుట్టకముందు. "మొన్న హాలియాల తొట్టెల తీసిన" అంటే ఆ ఉయ్యాల వేడుక మాత్రం అచ్చంగా మొన్నే. ఏది ఏ మొన్నో మనమే పోల్చుకోవాలి. మొదట్లో నవ్వుకునేవాళ్లం, తర్వాత అలవాటైపోయింది.

మొదటి రోజు నేను రాసిన ప్లాను చదివి వినిపించాను. ఒక అబ్బాయి బస్సెక్కుతాడు, కిటికీ పక్కన కూర్చుంటాడు, పాడతాడు, దిగిపోతాడు. అంతే. చాచా చివరిదాకా విన్నాడు.

"పొల్ల ఏది?" అన్నాడు.

"పొల్ల లేదు చాచా."

"పొల్ల లేకపోతె దిగకు దిగకు అని ఎవ్వర్ని అంటుండు? కండక్టర్‌నా?"

"ఎవర్నీ కాదు. మనసులో అనుకుంటున్నడు," అన్నాను గొప్పగా.

"మనసుల అనుకునేటోడు నోరెందుకు తెరుస్తుండు?"

సుధాకర్ కలగజేసుకుని, ఇది వేరే రకం పాట, ఇందులో మనిషి కనపడకుండానే ఉన్నట్టు అనిపించాలి అని ఏదో చెప్పాడు. చాచా మూసిన కన్ను కూడా తెరిచి వాణ్ణి చూశాడు. "కనపడకుంట ఉన్నట్టు," అని ఆ మాటనే రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత, సరే, పొల్ల లేకున్నా ఆఖర్న పిలగాని మొహం తామరపువ్వులో పెడతానన్నాడు. పెండ్లి క్యాసెట్లన్నిటిలో ఆయన పెండ్లికొడుకునీ పెండ్లికూతుర్నీ తామరపువ్వులో పెట్టేవాడు. మేం వద్దన్నాం. మామిడికాయలో అన్నాడు. అదీ వద్దన్నాం. మిషన్లో ఇంకా గుండెకాయ ఉందన్నాడు. ఆ సాయంత్రం ఎవరి పాట ఎవరు తీస్తున్నారో ముగ్గురికీ అర్థం కాకుండానే ఇండ్లకు పోయాం.

ఆయన దుకాణమంటే ఇంటి ముందర గదే. వెనక్కి పోయే చోట నీలం పరదా. పరదా అవతల ఆయన భార్య, మా చాచి, ఉంటుందని మేం అనుకున్నాం. ఆయన మాటలో ఆమె లేని పూట ఉండేది కాదు. "మొన్న మక్తల్ పోయినం, వాళ్ల తల్లిగారింటికి. బస్సు ఖరాబై దోవల్నే దిగినం." "మొన్న ఆమె అన్నది, నీ కెమెరాకు నాకన్న ఎక్కువ పట్టు గుడ్డలు కప్పుతవని." చాయ్ పరదా వెనక నుంచే వచ్చేది, ఆయనే పోయి తెచ్చేవాడు. ఆమెకు సిగ్గెక్కువని కూడా చెప్పాడు. నేను పోయేటప్పుడు పరదా వైపు తిరిగి, "పోయొస్తా చాచీ," అని గట్టిగా అరిచేదాన్ని. లోపలినుంచి పలుకు రాకపోతే సిగ్గు అనుకునేదాన్ని. అలా అన్న ప్రతిసారీ చాచా తలొంచుకుని కెమెరా తుడిచేవాడు. ఆ తుడవడం నాకు మర్యాదగా తోచింది. నా అంత తెలివైనదాన్ని అప్పట్లో నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆయనకు తెలుగు రాయడం రాదు. క్యాసెట్లన్నీ అలమరలో కుప్పగా ఉండేవి, ఏ పెండ్లి ఏదో తెలియక ఒక్కోసారి ఒకరి క్యాసెట్ ఇంకొకరికి పోయేది. నేను చూడలేక ఒక ఆదివారం కూర్చుని, ఏది ఎవరిదో ఆయన చెప్పినవాటన్నిటికీ పేర్లు రాసి అతికించాను. దానికో పద్ధతి పెట్టాను. పేరున్నది నిండిన క్యాసెట్, పేరు లేనిది ఖాళీ క్యాసెట్. చాచా ముచ్చటపడి, "నీ చేతుల దవాఖాన రిజిస్టర్ ఉన్నట్టుంది బిడ్డా," అన్నాడు. కరెంటాఫీసులో అటెండర్‌గా చేసే మా బాపు నాకిచ్చిన ఒకే ఆస్తి ఆ పద్ధతి. కాగితానికో జాగా, జాగాకో కాగితం. దానిమీద నాకెంత గర్వమో చెప్పలేను.

షూటింగ్ రోజు పొద్దున్నే హాలియా పోవాలి. అక్కడి బస్టాండులో ఒక కండక్టరు చాచాకి దోస్తు, బస్సు ఆగినప్పుడు పావుగంట ఇస్తానన్నాడు. చాచా వెనక మొహం కడుక్కుంటూ, పరదా అవతలినుంచి నాతో అన్నాడు.

"బిడ్డా, అలమరల ఖాళీ క్యాసెట్ ఒకటి తీసుకో. గా మొన్నటిది మాత్రం జర పైలం. దాన్ని ముట్టకు."

"సరే చాచా," అన్నాను.

మొన్నటిది. అచ్చంగా మొన్న, అంటే రెండు రోజుల కింద, ఆయన హాలియాలో ఎవరి బిడ్డదో తొట్టెల వీడియో తీసుకొచ్చాడు. దానికి నేనే పేరు రాశాను. దాన్ని తీసి జాగ్రత్తగా బీరువాలో పెట్టి తాళం కూడా వేశాను. తర్వాత అలమర మూలన, పేరు లేనిది ఒకటి కనిపిస్తే తీసుకున్నాను. ఖాళీదో కాదో చూద్దామని మిషన్లో పెట్టాను. అర నిమిషం చూసి ఉంటాను. మిద్దె మీద ఎవరో ఆడమనిషి. చేతిలో ఏదో ఉంది. ఇటు తిరిగింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కెమెరా బాగుందో లేదో చూడటానికి చాచా ఇంటి చుట్టుపక్కల వాళ్లను తీస్తుంటాడు కదా, అలాంటిదే అనుకున్నాను. ఉన్నదాని మీద మళ్లీ రికార్డు కాకుండా ఉండాలంటే క్యాసెట్ వీపున చిన్న ప్లాస్టిక్ పలుకుంటుంది, దాన్ని విరగ్గొడతారు. చాచా దాచుకోవాల్సిన వాటన్నిటికీ స్క్రూ డ్రైవర్‌తో విరగ్గొట్టేవాడు. దీనికది విరగలేదు. ఇంకేం కావాలి? వెనక్కి తిప్పి కెమెరాలో పెట్టేశాను.

హాలియాలో మా పాట పెద్ద పెండ్లయిపోయింది. వీడియో కెమెరా అంటే పెండ్లి తప్ప ఇంకొకటి ఉంటుందని అక్కడ ఎవరికీ తెలియదు. బస్సులో ఉన్నవాళ్లంతా సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. కండక్టరు తల దువ్వుకున్నాడు. సుధాకర్ కిటికీ పక్కన విచారంగా మొహం పెట్టి పెదాలు కదిలిస్తుంటే, వెనక సీటు అవ్వ ముందుకు వంగి, "ఎందుకు బిడ్డా గట్లున్నవ్, పిల్ల నచ్చలేదా?" అని అడిగింది. ఆ మాట రికార్డయింది. చాచా నవ్వి కెమెరా కదిలించింది కూడా రికార్డయింది. పావుగంట దాటినా కండక్టరు విజిల్ వేయలేదు, మొత్తం పద్దెనిమిది నిమిషాలు తీశాడు.

వార్షికోత్సవంలో స్టేజీ మీద రెండు టీవీలు పెట్టి వేశారు. జనం ఈలలేశారు. పాట అర్థమై వేశారో, అవ్వ మాటకి వేశారో ఇప్పటికీ చెప్పలేను. చాచా ఆఖరి వరసలో నిలబడి చూశాడు. మేం వద్దన్న తామరపువ్వు ఆఖర్న ఉండనే ఉంది.

వారం తర్వాత దుకాణానికి పోయేసరికి అలమరలోని క్యాసెట్లన్నీ కింద పరిచి ఉన్నాయి. చాచా వాటి మధ్య కూర్చుని ఉన్నాడు.

"బిడ్డా, గీ మూలకొక క్యాసెట్ ఉండె. పేరు లేనిది."

"మన పాట దాంట్లనే తీసినం గద చాచా."

ఆయన నన్ను చూశాడు. రెండు కళ్లతో.

"మొన్నటిది ముట్టకన్న గద."

"ముట్టలే చాచా. మొన్నటిది బీరువాల పెట్టిన. హాలియా తొట్టెలది. తాళం గూడ వేసిన." తాళం తీసి చూపించాను కూడా. నేనే రాసిన పేరు, గుండ్రటి అక్షరాలు.

"తొట్టెలది," అన్నాడు. ఆ క్యాసెట్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "హౌ. మొన్ననే గద తొట్టెల."

కోపంగా లేడు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు చచ్చిపోయే మాట అప్పుడే అన్నాను. "మిద్దె మీద చాచియేనా? ఇంట్లనే ఉంది గద, మళ్ల తీయొచ్చు చాచా. నేను బతిమాలుత, వస్తది." అని పరదా వైపు తిరిగి "చాచీ" అన్నాను.

ఆయన లేచి పరదా పక్కకు లాగాడు. లోపల చిన్న వంటగది. కిరసనాయిల్ స్టవ్వు, గోడకానించిన ట్రైపాడు, ఒక చాప. "ఎవ్వర్ని తీద్దాం బిడ్డా?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. "ఆమె మొన్న..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆ మాట నోట్లోంచి తీసేసి కొత్త మాట వెతుక్కున్నాడు. "నువ్వు నాలుగో తరగతిల ఉంటవేమో అప్పుడు. జెరమొచ్చింది. దవాఖానకు తీసుకపోయిన. వాపస్ తేలే." ఆమె ఎన్నడూ ఫోటో దిగలేదట. నిలబెట్టి చూస్తే సిగ్గట. దుబాయి నుంచి కెమెరా తెచ్చిన కొత్తలో, చెప్పకుండా మిద్దె ఎక్కి తీశాడు. మూడు నిమిషాలు కూడా లేదు. ఆమె ఉన్న బొమ్మ ప్రపంచంలో అదొక్కటే.

"మరి పలుకు విరగ్గొట్టలేదేంది చాచా?" అన్నాను. ఏడుస్తూ కూడా తప్పు ఆయన మీదికి తోయాలని చూశాను, అది నిజం.

"ఇంక జాగ ఉండె గద దాంట్ల. ఇంక తీద్దామనుకున్న."

ఏమైనా మిగిలిందేమో చూద్దామని క్యాసెట్ పెట్టాడు. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. పద్దెనిమిది నిమిషాలు సుధాకర్ కిటికీ పక్కన పెదాలు కదిలించాడు. తర్వాత చుక్కలు. తెర నిండా బరబరమని చుక్కలు. అది మూడు గంటల క్యాసెట్. అయిపోయి దానంతటదే ఆగేదాకా కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. మధ్యలో ఒకసారి నా వైపు తిరిగి, "తిన్నవా?" అని అడిగాడు.

ఆ తర్వాత నేను మొహం చాటేయాల్సింది. ఆయనే చాటేయనియ్యలేదు. కాలేజీకి మనిషిని పంపించి మరీ పిలిపించాడు. పోతే, చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు పెట్టి చూసే అలవాటున్నదానివి. చూసినవా అది, చెరిపేముందు?"

"అర నిమిషం చూసిన."

"నేను జూసి ఆరేండ్లయితాంది బిడ్డా. ఆడిచ్చినప్పుడల్ల జర జర అరుగుతదని మిషన్ల పెట్టలే. చేత్తోని పట్టుకుంటుంటి, గంతే." కళ్లద్దాలు పెట్టుకుని, "ఏం జూసినవ్, చెప్పు," అన్నాడు.

మిద్దె, ఆడమనిషి, చేతిలో ఏదో, ఇటు తిరిగింది, కొంగు. చెప్పడం పూర్తయ్యేసరికి నేను చూసినంత సేపు కూడా పట్టలేదు. ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు. ఎడమ కన్ను సగం మూసి, నా వెనక గోడని చూస్తున్నాడు.

"చేతిల ఏముండె?"

నాకు తెలియదు. తెలియదని చెప్పాల్సింది. "చాట," అన్నాను.

"చాటలేముండె?"

"జొన్నలు."

"జొన్నలెందుకు?"

నాకేం తోచిందో నాకే తెలియదు. "పావురాలకు ఏస్తుండె చాచా."

"పావురాలా?" అన్నాడు. కాదంటాడని భయపడ్డాను. కాదంటే బాగుండునని కూడా అనుకున్నాను. "హౌ," అన్నాడు చివరికి. "మా మిద్దె మీదికి వస్తుండె."

ఆ తర్వాత పోయినప్పుడల్లా అడిగేవాడు, నేను చెప్పేదాన్ని. నవ్విందా అంటే నవ్విందన్నాను. చీర రంగు అడిగితే ఆకుపచ్చ అన్నాను. అది నిజంగా చూశానో, ఆయన మొహం చూసి అన్నానో అప్పుడే తెలియలేదు, ఇప్పుడు అసలు తెలియదు. చూసిన అర నిమిషం మీద నేను చెప్పినవన్నీ వచ్చి కూర్చున్నాయి. నాకు తెలిసిందల్లా, నేను చెప్పిన పూట ఆయన చాయ్ ఆరిపోకముందే తాగేవాడు. చెప్పని పూట తాగేవాడు కాదు.

డిగ్రీ చివరి పరీక్షలు రాసి, ఇక నల్గొండ వదిలి పోతానని చెప్పడానికి ఒక మధ్యాహ్నం పోయాను. దుకాణంలో కొల్లాపూర్ నుంచి వచ్చిన భార్యాభర్తలున్నారు, కూతురి పెండ్లికి వీడియో మాట్లాడుకుంటున్నారు. వాళ్లకు చాచా తన పని గురించి చెబుతున్నాడు.

"నేను మొట్టమొదలు తీసింది మా ఆమెనే. మిద్దె మీద. ఆకుపచ్చ చీర కట్టుకుని పావురాలకు జొన్నలు ఏస్తుంటె, మెల్లగ ఎనుకనుంచి పోయి తీసిన. ఇటు తిరిగి గట్లనే నవ్వింది. నాకు ఇప్పటికి కండ్లల్ల ఉన్నది."

గుమ్మంలోనే నిలబడిపోయాను. నన్ను చూడగానే ఆయన మొహమంతా నవ్వయింది. "గీ బిడ్డ జూసింది దాన్ని. నేను అబద్ధం చెప్తలే, కావాలంటె అడుగుండ్రి," అన్నాడు వాళ్లతో.

పెండ్లికూతురి తల్లి నా వైపు ముచ్చటగా చూసింది. "నిజమేనా అమ్మా? పావురాలు చానా ఉండెనా?"

చాచా కూడా నా వైపే చూస్తున్నాడు. రెండు కళ్లూ తెరిచి, నేనేం చెబుతానా అని.

"నాలుగు," అన్నాను.